రిపీటు కొడతంది సార్

పోయిన వారం చర్లపల్లిలో ఒక చిన్న షాపుకి డై ట్రయల్‌కి వెళ్లాను. ట్రయల్ అంటే పెద్ద విషయమేం కాదు, నేను చేసిన డైని, అంటే రేకుకి ఆకారం ఇచ్చే ఉక్కు అచ్చుని, వాళ్ల ప్రెస్సు మీద, అంటే రేకుని కొట్టే మిషను మీద ఎక్కించి పది ముక్కలు కొట్టి, వెర్నియర్‌తో కొలతలు చూసి, బాగుందనిపించుకుని బిల్లు అడగడం. బిల్లు ఎలాగూ మూడు నెలలకి గానీ రాదు, అది వేరే కథ. నా డై బిగిస్తుండగా పక్క మిషను నుంచి ఒక చప్పుడు వినిపించింది. వంటింట్లో పనిచేసేవాళ్లకి కుక్కర్ విజిల్‌లో తేడా వస్తే వెనక్కి తిరక్కుండానే తెలిసిపోతుంది చూడండి, ప్రెస్సుల మధ్య ఏళ్ల తరబడి బతికినవాళ్లకి చప్పుళ్లు అలాగే తెలుస్తాయి. పెడల్ ఒకసారి తొక్కితే ఒక దెబ్బే పడాలి. అక్కడ ధన్‌మని ఒక దెబ్బ పడింది, కాలు తీశాక ఇంకోటి పడింది. ప్రతిసారీ కాదు. ముప్పై నలభై ముక్కలకి ఒకసారి.

ఓనర్‌తో అన్నాను, "అండీ, ఆ మిషను రిపీట్ కొడుతోంది" అని. ఆయన ఫోన్లోంచి తల ఎత్తలేదు. "తెలుసండీ, ఈ ఆర్డర్ అయిపోనీ, విప్పిద్దాం" అన్నాడు.

ఇదే మాట 2013లో నేను కూడా అన్నాను. అక్షరం తేడా లేదు. ఈ పోస్టు దాని గురించే, చాలా ఏళ్లుగా రాయాలనుకుని రాయకుండా తప్పించుకుంటున్నది.

అప్పట్లో నేను బాలానగర్‌లో ఒక ప్రెస్ షాపులో సూపర్వైజర్‌ని. పేరుకి సూపర్వైజర్, చేసేది అన్నీ: డై సెట్టింగు, ఇన్‌స్పెక్షను, లెక్కలు, డిస్పాచ్, సేటు ఊళ్లో లేకపోతే జీతాలు పంచడం కూడా. షాపులో ఎనిమిది ప్రెస్సులు, పది టన్నుల నుంచి యాభై టన్నుల దాకా బలంతో కొట్టేవి, అన్నీ పిన్ క్లచ్చువి, సగం సెకండ్ హ్యాండ్‌లో కొన్నవి. తమాషా ఏంటంటే ఆ పక్కనే సీఐటీడీ ఉంది, 1968లో ఐక్యరాజ్యసమితి వాళ్ల సాయంతో పెట్టిన టూల్ డిజైన్ సంస్థ, దేశం నలుమూలల నుంచీ పిల్లలొచ్చి డైలు ఎలా డిజైన్ చేయాలో, గార్డు ఎలా పెట్టాలో నేర్చుకుని వెళ్తారు. ఆ గోడకి కొంచెం దూరంలో మేం గార్డు లేకుండా కొడుతూ ఉంటాం. నేను డిప్లొమాలో చదివిన పుస్తకంలో కూడా మొదటి బొమ్మల్లోనే గార్డు ఉండేది. షాపులో చేరిన రోజు చూస్తే మా గార్డులన్నీ మెట్ల కింద గోనెసంచిలో ఉన్నాయి. "అవి ఉంటే చెయ్యి ఆడదు సార్" అన్నారు. నిజమే, ఆడదు. ముక్క చేత్తో పెట్టి చేత్తో తీసే పని అయినప్పుడు, చెయ్యి లోపలికి వెళ్లకుండా చేసే వస్తువు ఉంటే పని ఎలా అవుతుంది?

తెలియనివాళ్ల కోసం పిన్ క్లచ్ ప్రెస్సు గురించి కొంచెం చెప్పాలి. పక్కన ఫ్లైవీలు అనే పెద్ద బరువైన చక్రం ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది. మీరు పెడల్ తొక్కితే ఒక కీ వెళ్లి ఆ ఫ్లైవీలుని క్రాంకు షాఫ్టుతో కలుపుతుంది, షాఫ్టు ఒక చుట్టు తిరుగుతుంది, రామ్, అంటే డై పై భాగాన్ని మోసే దిమ్మ, కిందికి వచ్చి ముక్కని కొట్టి పైకి వెళ్తుంది. చుట్టు పూర్తయ్యేసరికి ఒక లాచ్ అడ్డం వచ్చి కీని బయటికి లాగాలి. లాగితే రామ్ పైన ఆగుతుంది. ఆ లాచ్ అంచు అరిగినా, కీ మూల గుండ్రంగా తిరిగిపోయినా, స్ప్రింగు బలం పోయినా కీ బయటికి రాదు, రాకపోతే ఫ్లైవీలు షాఫ్టుని ఇంకో చుట్టు తిప్పుతుంది. ఎవరూ పెడల్ తొక్కలేదు, అయినా రామ్ దిగుతుంది. దాన్నే రిపీట్ అంటాం. రెండో వైపున బ్రేకు లైనింగుకి ఆయిల్ పట్టినా ఇంచుమించు ఇదే, రామ్ పైన నిలబడకుండా జారుతుంది. ఈ రకం క్లచ్చులో ఇంకో సంగతి, కీ ఒకసారి కలిసిందంటే చుట్టు పూర్తయ్యేదాకా దాన్ని మధ్యలో ఆపే శక్తి దేవుడికి కూడా లేదు. కాబట్టి ఈ మధ్య కొందరు ఈ పాత ప్రెస్సులకే సెన్సర్లు, లైట్ కర్టెన్లు తగిలించి "సేఫ్టీ పెట్టాం" అని ఫొటోలు తీసుకుంటుంటే నాకు నవ్వొస్తుంది. చెయ్యి అడ్డొచ్చిందని కర్టెన్ కనిపెడుతుంది, ఎర్ర లైటు కూడా వెలుగుతుంది, రామ్ మాత్రం దిగుతూనే ఉంటుంది. అది పనిచేయాలంటే గాలితో నడిచే ఫ్రిక్షన్ క్లచ్చు ఉండాలి, దానికి ఖర్చవుతుంది.

ఆ కుర్రాడిది శ్రీకాకుళం జిల్లా. పేరు రాయను. ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి అప్పటికి. మా షాపుకి వచ్చి ఏడు నెలలు. ఊళ్లో వాళ్ల మావయ్య కొడుకు ఇక్కడ పెయింటింగ్ షాపులో ఉంటే అతన్ని పట్టుకుని వచ్చాడు. చెయ్యి చాలా చురుకు. స్విచ్ బోర్డుల్లో వేసే చిన్న క్లాంపులు కొట్టించేవాణ్ణి, గంటకి ఏడు వందల దాకా తీసేవాడు. ఎనిమిది గంటల షిఫ్టులో ఐదు వేల ఆరొందలు. అంటే ఐదు వేల ఆరొందల సార్లు వేళ్లు డైలోకి వెళ్లి బయటికి రావాలి. ఆ పైన ఓటీ, అంటే ఓవర్‌టైం.

ఒక మంగళవారం మధ్యాహ్నం నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "మిషను రిపీటు కొడతంది సార్. భయమేస్తంది" అన్నాడు. నేను వెళ్లి చూశాను. పది ముక్కలు కొట్టించాను, రిపీట్ రాలేదు. మేస్త్రీని పిలిచాను. ఆయన పెద్దాయన, చెవులు సగం పోయినా మిషను మీద అరచెయ్యి పెట్టి రోగం చెప్పేవాడు. "కీ అరిగింది సార్. ఇప్పుతే గాని తెల్వదు, సగం రోజు పోతది" అన్నాడు. గురువారం సాయంత్రానికి పద్నాలుగు వేల ముక్కలు డిస్పాచ్ చేయాలి. సేటు పొద్దున్నే ఫోన్ చేసి టెన్షన్ పెట్టాడు, ఆర్డర్ ఇచ్చిన పార్టీ వాళ్లు ఆలస్యమైతే రేటు కోస్తామన్నారట. నేను అన్నాను, "ఈ ఆర్డర్ అయిపోనీ, శుక్రవారం విప్పిద్దాం. జాగ్రత్తగా కొట్టు." అతను సరే సార్ అని వెళ్లిపోయాడు. జాగ్రత్తగా కొట్టు! మిషను తనంతట తాను దిగుతోంది అని ఒక మనిషి వచ్చి చెబితే నేను ఇచ్చిన రిపేరు అది.

బుధవారం రాత్రి ఏడున్నరకి, ఓటీలో.

అరుపు వినబడలేదు నాకు, ఫ్లైవీళ్ల మోతలో ఏమీ వినబడదు. పక్క మిషను అతను పరిగెత్తుకొచ్చి నా భుజం పట్టుకుని లాగాడు. కుడిచేతి చూపుడు వేలు, మధ్యవేలు, రెండూ మధ్య కణుపు దాకా లేవు. అతను ఏడవడం లేదు. ఎడమచేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని, నా మొహం కేసి చూస్తూ "పెడల్ తొక్కలేదు సార్" అన్నాడు. మళ్లీ ఆటోలో అన్నాడు, ఆసుపత్రి మెట్ల మీద అన్నాడు. నొప్పి అని ఒక్కసారి కూడా అనలేదు, ఇదొక్కటే, తొక్కలేదు సార్ అని.

ఇక్కడ ఒక పక్కమాట, ఎవరికైనా పనికొస్తుంది. మేం తెగిన ముక్కలు ఏరి నేరుగా టీ కొట్టువాడి దగ్గర ఐసు తెచ్చి అందులో పడేశాం. అది తప్పు. శుభ్రమైన గాజుగుడ్డ కొంచెం తడిపి అందులో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టి, ఆ కవర్‌ని ఐసులో పెట్టాలి. ఐసు నేరుగా తగిలితే కండ చచ్చిపోతుంది. అయినా మా కేసులో అది తేడా చేసేది కాదనుకోండి, డాక్టరు చూడగానే తల అడ్డంగా ఊపాడు. రేకులు కత్తిరించే షీరింగ్ మిషనులో తెగితే నీటుగా తెగుతుంది, కుట్టడానికి కొంచెం ఆశ ఉంటుంది. ప్రెస్సులో పడింది నలిగిపోతుంది, రక్తనాళాలు ఎక్కడ వెతుకుతారు?

మర్నాడు పొద్దున సేటు నన్ను ఆఫీసులోకి పిలిచి రెండు పనులు చెప్పాడు. ఒకటి, ఆ కుర్రాడికి ఈఎస్ఐ (కార్మికుల బీమా) కట్టలేదు కాబట్టి వెంటనే పేరు ఎక్కించాలి, చేరిన తేదీ ముందటి తేదీ వేసి. ఏడు నెలలు పనిచేసిన మనిషికి, వేళ్లు పోయిన తర్వాత పొద్దున ఈఎస్ఐ నంబరు పుట్టింది. ఇది మా ఒక్క షాపు ఘనకార్యం అని చాలాకాలం అనుకున్నాను. తర్వాత గురుగ్రామ్, మానేసర్ వైపు ఆటో విడిభాగాల ఫ్యాక్టరీల్లో వేళ్లు పోయినవాళ్లకి సాయం చేసే సేఫ్ ఇన్ ఇండియా అనే సంస్థ ఏటా వేసే నివేదికలు చదివితే అక్కడా ఇదే. ప్రమాదం జరిగాకే కార్డు చేతికొచ్చినవాళ్లు బోలెడుమంది. అక్కడా ఎక్కువ వేళ్లు తీసేది పవర్ ప్రెస్సే, అక్కడా ఊరు వదిలి వచ్చిన కుర్రాళ్లే.

రెండో పని, ప్రమాద నివేదిక. అందులో కారణం అని ఒక గడి ఉంటుంది. నేను నా చేత్తో ఇంగ్లీషులో రాశాను, ఆపరేటర్ అజాగ్రత్త వల్ల చేతిని డైలో పెట్టాడు అని. సేటు చెప్పాడు కాబట్టి రాశాను అంటే సగమే నిజం. ఆయన "చూసి రాయి" అన్నాడంతే. మిగతాది నాకు తెలుసు. క్లచ్చు అని రాస్తే ఇన్‌స్పెక్టరు మిషను చూస్తాడు, మెయింటెనెన్సు రిజిస్టరు అడుగుతాడు, అప్పుడు మంగళవారం ఎవరు ఎవరికి ఏం చెప్పారు అన్నది బయటికి వస్తుంది. అజాగ్రత్త అని రాస్తే కథ ఆ కుర్రాడి దగ్గరే ఆగుతుంది. అతను చెయ్యి డైలో పెట్టాడు, అవును, అతని ఉద్యోగమే అది, దానికే జీతం ఇస్తున్నాం.

ఇంకో సంగతి నాకు అప్పుడు తెలియదు. అప్పటి పరిహారం చట్టంలో కార్మికుడి మామూలు అజాగ్రత్త వల్ల అతని డబ్బు పోయేది కాదు. తాగి పనిచేస్తేనో, గార్డుని కావాలని తీసేస్తేనో, ఆజ్ఞని కావాలని ఉల్లంఘిస్తేనో వేరే మాట. అంటే ఆ గడిలో అజాగ్రత్త అని రాయడం వల్ల కంపెనీకి డబ్బు కూడా మిగల్లేదు. ఆ మాట అక్కడ ఉన్నది మిషనుని, మమ్మల్ని కాపాడడానికి. అప్పుడు అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం, 1948లో ఇరవై ఒకటో సెక్షను ప్రమాదకరమైన యంత్ర భాగాలకి గట్టి కంచె ఉండాలి అని చెప్పేది, చెయ్యి వెళ్లే వీలే ఉండకూడదు అన్నది దాని ఉద్దేశం. మా కంచె మెట్ల కింద గోనెసంచిలో ఉంది.

వేళ్లకి రేటు ఉంటుందని కూడా అప్పుడే తెలిసింది. నిజంగానే అప్పుడు ఒక పట్టిక ఉండేది, 1923 నాటి పరిహారం చట్టానికి వెనక జత చేసిన షెడ్యూలు, ఈఎస్ఐ చట్టంలోనూ అదే. సంపాదించే శక్తి ఎంత పోయినట్టు అన్నది శాతాల్లో రాసి ఉండేది. బొటనవేలు మొత్తం 30. చూపుడు వేలు మొత్తం 14, రెండు కణుపులైతే 11, ఒక కణుపైతే 9. మధ్యవేలు మొత్తం 12, రెండు కణుపులు 9. ఉంగరం వేలు గానీ చిటికెన వేలు గానీ 7. ఎముక పోకుండా కొస మాత్రమే ఎగిరితే దానికీ ఒక లెక్క ఉండేది. పైన శీర్షికలో కుడి లేదా ఎడమ చెయ్యి అని ఉండేది, రెండింటికీ ఒకటే రేటు. చూసినప్పుడు నాకు మా షాపులోని రేటు కార్డు గుర్తొచ్చింది, ఏ ముక్కకి ఎంత అని.

మావాడికి 11, 9 కలిపి 20. మెడికల్ బోర్డులో ముగ్గురు డాక్టర్లు మొండి వేళ్లు పట్టుకుని చూసి, కణుపులు లెక్కపెట్టి, రాసేశారు, ఐదు నిమిషాలు పట్టిందేమో. అప్పటి అతని జీతం ఏడున్నర వేలు. దానిలో తొంభై శాతం, అందులో ఇరవై శాతం, నెలకి 1,350 రూపాయలు జీవితాంతం. ఇది తక్కువా ఎక్కువా అని నన్ను అడగకండి. అసలు ఈఎస్ఐలో లేకుండా, ఏ కాగితమూ లేకుండా ఐదు వేలు చేతిలో పెట్టి బస్సెక్కించినవాళ్లని చూశాను కాబట్టి మావాడు అదృష్టవంతుడు అని షాపులో అందరూ అన్నారు. నేనూ అన్నాను.

రెండు నెలల తర్వాత ప్యాకింగులో లైట్ పనికి వచ్చాడు. మధ్యాహ్నం అందరం కింద కూర్చుని క్యారియర్లు విప్పుకుంటాం. అతను గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. మొదట అర్థం కాలేదు. ముద్ద కలిపేటప్పుడు మనకి తెలియదు గానీ పని అంతా బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలుదే. ఆ రెండూ సగం లేకపోతే పప్పన్నం ముద్ద కట్టదు, జారిపోతుంది. ఎడమచేత్తో తినడానికి నామోషీ. చెంచా తెచ్చుకోరా అని ఎవరో అన్నారు, తెచ్చుకున్నాడు, ఆ చేత్తో చెంచా పట్టుకోవడం కూడా మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి కదా. ఆ పట్టికలో దీనికి శాతం లేదు. నాలుగు నెలలు చేసి ఊరెళ్లిపోయాడు.

శుక్రవారం నాడు, అంటే ప్రమాదం అయిన రెండు రోజులకి, మేస్త్రీ క్లచ్చు విప్పాడు. సగం రోజు కూడా పట్టలేదు. కీ మూల సబ్బు బిళ్లలాగా గుండ్రంగా అరిగి ఉంది, స్ప్రింగు ఒక చుట్టు విరిగి ఉంది. స్ప్రింగు ఖరీదు అరవై రూపాయలు, బిల్లు మీద నేనే సంతకం పెట్టాను. ఆర్డరు సోమవారం వెళ్లింది. పార్టీ వాళ్లు రేటు కోయలేదు కూడా.

లోహం పనిలో దెబ్బలు అంటే జనానికి గుర్తొచ్చేవి పెద్దవి. 2012 జూన్ 13న విశాఖ ఉక్కు కర్మాగారంలో కొత్త ఎస్ఎంఎస్-2 (ఉక్కు కరిగించే రెండో విభాగం) దగ్గర ఆక్సిజన్ పేలినప్పుడు కార్మికులతో పాటు అధికారులు కూడా చనిపోయారు, రోజుల తరబడి పేపర్లలో వచ్చింది, రావాల్సిందే. వేళ్లు ఏ పేపర్లోనూ రావు. కంట్లో పడిన రవ్వ రాదు, పక్కవాడు రుమాలు కొసతోనో అగ్గిపుల్లతోనో తీసేసి "పోయింది పో" అంటాడు, నల్లగుడ్డు మీద గీత పడిందో లేదో ఎవరికీ తెలియదు. గార్డు పీకేసిన యాంగిల్ గ్రైండర్లు, వెల్డింగ్ ఆర్క్ వెలుగు కొట్టి రాత్రంతా కళ్ల మీద ఆలుగడ్డ ముక్కలు పెట్టుకునే వెల్డర్లు, వీటి గురించి మొదలుపెడితే తెల్లారుతుంది. ఒక్కటి మాత్రం చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే మంచి చేద్దామని చెడు చేయడం ఇందులో ఉంది. గ్లవ్స్. షీట్లు మోసేటప్పుడు గ్లవ్స్ లేకపోతే బర్రు, అంటే రేకు అంచున మిగిలే పదును, అరచెయ్యి కోసేస్తుంది, వేసుకుని తీరాలి. అవే గ్లవ్స్‌తో డ్రిల్లింగ్ మిషను దగ్గరికి వెళ్తే తిరిగే బిట్టు గుడ్డని పట్టుకుని వేలితో సహా చుట్టేస్తుంది. అందరికీ గ్లవ్స్ కొనిచ్చి సేఫ్టీ వారోత్సవం చేసే ఓనర్లకి ఈ తేడా ఎవరూ చెప్పరు.

రెండు చేతుల బటన్ల సంగతి కూడా. రెండు బటన్లు ఒకేసారి నొక్కితేనే రామ్ దిగేలా పెడతారు, రెండు చేతులూ బయట ఉంటాయి కాబట్టి. ఒక షాపులో ఎడమ బటన్‌కి రూపాయి బిళ్ల పెట్టి టేపు చుట్టి ఉండడం చూశాను. ఆపరేటర్‌ని తిడదామని వెళ్లాను. అతను నా వైపు కాదు, గోడ మీద టార్గెట్ బోర్డు వైపు చూశాడు.

చర్లపల్లి సంగతి ఆపేశాను కదా. నేనేం వీరత్వం చేయలేదు. నా డై విప్పి ఆటోలో వేసుకుని వచ్చేశాను, మిషను బాగుచేయించాక చెప్పండి, ట్రయల్ ఇస్తాను అని. ఆయనకి కోపం వచ్చింది, "నీ డై ఎక్కేది ఆ మిషను మీద కాదు కదయ్యా" అన్నాడు. అదీ నిజమే. నాకు రావాల్సిన పద్దెనిమిది వేలు ఇరుక్కుంది. మొన్న ఫోన్ చేసి కీ మార్పించాం, రమ్మన్నాడు. వెళ్లాక ముందు ఆ మిషను దగ్గర ఓ వంద ముక్కలసేపు నిలబడి వింటాను.

శ్రీకాకుళం కుర్రాడు ఇప్పుడు కుర్రాడు కాదు, ఇద్దరు పిల్లలు. ఊళ్లో కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. సంక్రాంతికి ఫోన్ చేస్తాడు, ఇంకా సార్ అనే పిలుస్తాడు, "బాగున్నారా సార్, అమ్మగారు బాగున్నారా" అని అడుగుతాడు. నా మీద కోపం ఉన్నట్టు ఎప్పుడూ అనిపించలేదు, ఉండి ఉంటే నాకు తేలికగా ఉండేదేమో. ఆ నివేదికతో పాటు అతని స్టేట్‌మెంటు కూడా జత చేశాం. అదీ నేనే రాశాను, ఇంగ్లీషులోనే. కట్టు కట్టిన చేత్తో సంతకం కాదు కాబట్టి ఎడమ బొటనవేలు ముద్ర వేయించాను. ఏం రాశారు సార్ అని అడిగితే, జరిగిందే రాశాను అన్నాను.

అతనికి ఇంగ్లీషు రాదు. తెలుగు బాగా చదువుతాడు.